నిండినదిగా భావించవలెను

ఎర్రచెలమలో అడవిపందికి భయపడని మనిషి నేనొక్కణ్ణే అని ఒకప్పుడు పేరుండేది. ఆ పేరు పుట్టించింది నేనే, పదిమందికీ పంచిందీ నేనే. ఊళ్ళో బి.ఏ. గట్టెక్కినవాణ్ణి. కాలేజీలో ఎన్.సి.సి. చేసి, రైఫిలు పట్టినట్టు సర్టిఫికెట్ తెచ్చుకుని, దానికి పటం కట్టించి దేవుళ్ళ వరసలో తగిలించుకున్నవాణ్ణి. మా ఆవిడ సుంకులమ్మ శుక్రవారం శుక్రవారం దేవుళ్ళందరికీ బొట్టు పెట్టుకుంటూ వచ్చి, నా సర్టిఫికెట్ దాకా రాగానే చెయ్యి కొంగుకు తుడుచుకునేది.

ఆ ఏడు నల్లమల దిగిన పందులు మా చేల మీద పడ్డాయి. జొన్న పాలకంకి మీద ఉంది. పంది కడుపుకి తిని పోతే సరే, అదీ ఒక ప్రాణమే అనుకోవచ్చు. అది తిన్నదానికి రెట్టింపు తొక్కుతుంది, తొక్కినదాని మీద పడి దొర్లుతుంది. అడవి అంచున మొట్టమొదటి చేను మాది. ఏడాది పొడుగునా మా ఇంట్లో రొట్టె అయ్యేది ఆ జొన్నే. అది పోతే పొయ్యి మీద పెనం ఊరికే కాలాల్సిందే.

అంతకుముందు ఊరంతా డబ్బాలు కొట్టి, పళ్ళేలు మోగించి పందుల్ని తోలేవాళ్ళం. ఏళ్ళ తరబడి మోగించి మోగించి అందరికీ విసుగెత్తింది. మా సర్పంచి చెన్నకేశవులు మామ పోయి పైవాళ్ళ కాళ్ళూ గడ్డాలూ పట్టుకుని ఊరికొక తుపాకి మంజూరు చేయించుకొచ్చాడు. బోల్టు వెనక్కి లాగి, తూటా పెట్టి, ముందుకు తోసి కాల్చే పాతకాలపు రైఫిలు. అది ఎవరి చేతికివ్వాలనేసరికి ఊరంతా నా వైపు చూసింది.

“సర్టిఫికెట్ ఉన్నోడు వాడొక్కడే గదా,” అన్నాడు మామ. “కాలేజీలో వాడు కాల్చిన తూటాలన్నీ పక్కోడి అట్టకి తగిలి, ఆ పక్కోడికి పతకం వచ్చిందంట. కానీలే, మన పందులు కూడా పక్కపక్కనే నిలబడతాయి.”

అలా నేను పంటరక్షకుణ్ణయ్యాను.

తుపాకి అప్పగించడానికి పంటరక్షక ఆయుధ సురక్షిత వినియోగ విభాగం నుంచి అనంతశయనం గారనే అధికారి వచ్చాడు. ఆయన తుమ్మినా అందులో ‘పైన సూచించిన’ అన్న ముక్క వినపడుతుంది. బడి వరండాలో నన్నూ తుపాకినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, తాను మాత్రం తుపాకికి దూరంగా గుమ్మం అవతల నిలబడి శిక్షణ ఇచ్చాడు.

“గౌరవ పంటరక్షకులకు తెలియజేయడమేమనగా, ఆయుధాన్ని ఎల్లవేళలా నిండినదిగా భావించవలెను. దాని మూతిని ఏ ప్రాణి వైపూ తిప్పరాదు. కాల్చే క్షణం వరకు మీట మీద వేలు ఉంచరాదు. గురి ఏమిటో, గురి వెనక ఏముందో నిర్ధారించుకోవలెను. చేతులు మారినప్పుడు బోల్టు తెరచి, తూటా కూర్చునే చోటును కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోవలెను.”

ఇంతవరకు ఆయన చెప్పింది బంగారం లాంటి మాట. ఖాళీదే గదా అని ఆడించిన తుపాకులే లోకంలో ఎక్కువమందిని పొట్టన పెట్టుకున్నాయి. నేను శ్రద్ధగా బోల్టు తెరిచాను, చూశాను, చిటికెన వేలు పెట్టి తడిమాను. ఖాళీ.

“మరి తూటాలు ఎప్పుడిస్తారు సార్?” అన్నాను.

“ఏ తూటాలు?”

“దీన్లో పెట్టేవి సార్.”

ఆయన నా వైపు, పూజలో ఆవులించినవాణ్ణి చూసినట్టు చూశాడు. “మొదటి నియమం చదవండి.”

“ఎల్లవేళలా నిండినదిగా భావించవలెను.”

“నిండు బిందె కింద మళ్ళీ కుళాయి తిప్పుతారా మీ ఊళ్ళో?”

“భావించడం వేరు, నిండడం వేరు గదా సార్?”

“మీకు వేరు కావచ్చు. శాఖకు వేరు కాదు. నిండిన ఆయుధంలో తూటా పెట్టడమనేది తీవ్రమైన ప్రమాదానికి దారితీయు చర్య.”

మామ నా మోచెయ్యి గిల్లాడు. “ఊరుకో అల్లుడా. ముందు తుపాకి ఊళ్ళోకి రానీ. పంది నియమాలు చదివుంటాదా ఏంది? తుపాకిని చూసి పారిపోతాది.”

తుపాకి ఊళ్ళోకి వచ్చింది. ఆ మర్నాడే దానికి నూనె కొట్టించాలని గిద్దలూరు బస్సు ఎక్కబోయాను. కండక్టరు గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

“నిండిన తుపాకి బస్సెక్కకూడదు.”

“ఖాళీదేనబ్బా. ఇదిగో చూడు,” అని బోల్టు తెరిచాను.

“ఖాళీదని నీ నోటితోనే అంటివి గదా? అంటే నియమం తప్పినట్టే. నిండిందంటే ఎక్కనియ్యను, ఖాళీదంటే రిపోర్టు రాస్తా. ఏదో ఒకటి తేల్చుకో, బస్సు లేటయితాది.”

తేల్చుకోలేక నడిచిపోయాను. దారిపొడుగునా మూతి ఆకాశం వైపు, వేలు మీటకు దూరం. ఎదురొచ్చిన గొర్రెలు కూడా గౌరవంగా పక్కకు తప్పుకున్నాయి. గౌరవం అనుకున్నాను. వెనక కాపరి కర్రతో అదిలించడం తర్వాత చూశాను.

ఇంట్లో సుంకులమ్మ ఒక్కటే అడిగింది. “ఇది పేలుతాదా?”

“పేలుతుందని భావించాలి.”

“నువ్వు చేలో పని చేస్తావని నేను భావించినట్టేనా?”

పొద్దు వాలుతుండగా పందులు వచ్చాయి. నేను గట్టు మీద నిలబడ్డాను, నా వెనక సుంకులమ్మా, ఆమె వెనక సగం ఊరూ. ముందు కోరలు తిరిగిన పెద్ద మగది, ఏకలం పంది, దాని వెనక మంద. నేను నియమం ప్రకారం గురి చూశాను, గురి వెనక మట్టి కట్ట ఉందని నిర్ధారించుకున్నాను, ఊపిరి బిగబట్టి మీట నొక్కాను.

ఠక్.

పంది తలెత్తింది. నోట్లో కంకి అలాగే ఉంది. చరిత్ర క్లాసులో నేను జవాబు చెప్పినప్పుడల్లా మా లెక్చరరు ఒక చూపు చూసేవాడు. సరిగ్గా ఆ చూపు చూసింది. తర్వాత నములుకోవడం మొదలుపెట్టింది.

“ఏమయా, అది భావించడంల్యా?” అంది సుంకులమ్మ.

నియమావళి దానికి అందలేదని నేను చెప్పలేదు. చెబితే ఆ రాత్రి నాకు కూడు అందేది కాదు.

తూటా కోసం అర్జీ పట్టుకుని అనంతశయనం గారి ఆఫీసుకు వెళ్ళాను. ఆయన అర్జీని వేలితో తిరగేసి చూసి, “కొత్త తూటా కావాలంటే, పాతది కాల్చినట్టు రుజువుగా దాని ఖాళీ తొడుగు దాఖలు చేయాలి,” అన్నాడు.

“పాతది లేదు సార్.”

“అంటే ఆయుధాన్ని ఖాళీగా ఉంచానని అంగీకరిస్తున్నారా?”

“అబ్బే, లేదు సార్. నిండే ఉంది.”

“నిండే ఉంటే కొత్తది దేనికి?”

డిగ్రీలో నేను తర్కశాస్త్రం చదివాను. పాసయ్యాను కూడా. ఆ మార్కులు కూడా ఎవరో భావించి వేసినవే అయి ఉంటాయి. అర్జీని మళ్ళీ మడత పెట్టుకున్నాను. ఆయనకే జాలేసింది.

“ఒక వెసులుబాటు ఉన్నది. ఉన్నదిగా భావించబడిన తూటాను కాల్చినట్టు పంచనామా ఉంటే, తొడుగు పొదల్లో పడి దొరకనట్టు భావించవచ్చు. సాక్షులు శబ్దం విన్నట్టు మాత్రం స్పష్టంగా ఉండాలి. శబ్దం విషయంలో శాఖ రాజీపడదు.”

ఊరికి వచ్చి ఈ సంగతి చెబితే మామ తొడ కొట్టాడు. “శబ్దమే గదా! మన యేసోబు లేడూ?”

యేసోబు మా ఊరి డప్పు. మనిషి పేరు యేసోబే అయినా, పెళ్ళికీ జాతరకూ చావుకూ చుట్టుపక్కల ఊళ్ళు అతన్ని పిలిచేది ‘ఎర్రచెలమ డప్పు’ అనే. మర్నాడు సాయంత్రం ఊరంతా మా గట్టు మీద చేరింది. యేసోబు నా పక్కన ఎండుకంప మంట వేసి, డప్పు తోలు బిగిసేదాకా కాచి, మెడలో వేసుకున్నాడు. పందులు వాగులోంచి అప్పుడే పైకి వస్తున్నాయి. నేను గురి పెట్టాను.

“కాల్చు!” అన్నాడు మామ.

ఠక్, అంది నా తుపాకి. ఢాం, అంది యేసోబు డప్పు.

ఆ ఢాం కొండకు తగిలి రెండోసారి మోగింది. ఏకలం పంది నోట్లో కంకి వదిలేసి వాగులోకి దూకింది, మంద దాని వెనకే దుమ్ము లేపుకుంటూ పోయింది. ఊరు ఊరంతా కేకలేసి నన్ను భుజాల మీదికి ఎత్తుకుంది. పందులు పారిపోయింది ఎవరికి భయపడి అని నేనెవర్నీ అడగలేదు. భుజాల మీద ఉన్నవాడు అలాంటివి అడగకూడదు.

“యేసోబన్నని కూడా ఎత్తుకోండప్పా,” అంది కిందినుంచి సుంకులమ్మ.

పంచనామాలో ‘ఢాం అను శబ్దము స్పష్టముగా వినిపించినది’ అని రాశారు. అందరికంటే నా దస్తూరి బాగుంటుందని రాయించింది నా చేతనే. ఆ తర్వాత తూటా సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. రోజూ పొద్దువాలాక నేను ఠక్, అతను ఢాం. చేను నిలబడింది. కంకులు గింజ కట్టాయి. నేను మీసం పెంచాను.

ఒకరోజు యేసోబు బుర్ర గోక్కుంటూ వచ్చాడు. “అన్నా, రేపు నాకు పెండ్లి మేళం ఉండాది. మాపటేళకి రాలేను.”

“మరి నేనొక్కణ్ణే ఏం చేసేది?”

“అదే చెప్దామని వస్తి. నేనొచ్చి నువ్వు రాకపోయినా పనయితాది గానీ, నువ్వొచ్చి నేను రాకపోతే ఎట్ట? డప్పు ఈడ పెట్టి పోతా. పెండ్లికి మా బామ్మర్ది డప్పు తీసుకుంటా. వదినకి ఇయ్యి, వదిన గట్టిగా కొడతాది.”

నిజంగానే గట్టిగా కొట్టింది. కొడుతూ నా వైపే చూసింది.

పంచనామా పైకి వెళ్ళింది. పైన ఎవరో దాన్ని చదివారు. అదే మా ఖర్మ. అనంతశయనం గారు జీపు దిగి, తుపాకిని వదిలేసి నేరుగా డప్పు ముందుకు వెళ్ళి, రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డాడు.

“ఢాం అను శబ్దము దేని నుంచి వచ్చింది?”

“దీన్నుంచే సారూ,” అన్నాడు యేసోబు గర్వంగా.

“శాఖా రికార్డుల ప్రకారం ఢాం అను శబ్దం కాల్పుల శబ్దం. కాల్పుల శబ్దం ఏ వస్తువు నుంచి వెలువడునో ఆ వస్తువు ఆయుధం. ఇది లైసెన్సు లేని ఆయుధం.”

“అయ్యో, ఇది తోలు సారూ. మా తాత నుంచి వచ్చింది.”

“వారసత్వంగా వచ్చిన ఆయుధాలకు వేరే సెక్షన్ ఉన్నది. వాడకముందు ఏం చేస్తారు దీన్ని?”

“మంట మీద కాస్తాం.”

ఆయన ఇంకో రెండడుగులు వెనక్కి వేశాడు. “నిండిన ఆయుధాన్ని నిప్పుల మీద పెడుతున్నారా!”

“కాయకపోతే మోగదు సారూ.”

“మోగకుండా ఉండుటే దాని సురక్షిత స్థితి. ఇకపై దీనికీ అవే నియమాలు. మూతి జనం వైపు తిప్పరాదు. వేలు తాకించరాదు.”

“వేలు పెట్టకుండా డప్పెట్ట కొట్టేది? నోటితోనా?”

“నోటితో అను ప్రత్యామ్నాయాన్ని పరిశీలన కోసం పైకి పంపుతాము.”

డప్పును గోనెలో చుట్టి లక్క ముద్ర వేసి పంచాయతీ ఆఫీసులో పెట్టించారు. సాక్షి సంతకం ఎవరిదని అడిగితే అందరూ నన్ను చూపించారు. బి.ఏ. కదా. పెట్టాను. పొడుగు సంతకం, కింద గీత కూడా గీశాను. ‘ఢాం’ శబ్దం చేయగల తక్కిన వస్తువుల జాబితా తయారవుతోందనీ, అంతవరకు డబ్బాలూ పళ్ళేలూ కూడా చేల దరిదాపుల్లో మోగించరాదనీ చెప్పి ఆయన జీపెక్కాడు.

సుంకులమ్మ ఇంట్లోకి వచ్చి చెంబు కింద పెట్టి అడిగింది. “సంతకం నువ్వెందుకు పెడితివి?”

“అందరికంటే నాదే బాగుంటుందన్నారు.”

“సంతకం బాగుండాది. చేను?”

చేనుకు పందులు తిరిగొచ్చాయి. మూడు చాళ్ళు, నాలుగు చాళ్ళు అనుకుంటూ ఉండగానే అడవి వైపు మూల మడంతా చాప పరిచినట్టు నేలకు పడిపోయింది. కోతకు ఇంకా వారం ఉంది. నేను రోజూ గట్టు మీద నిలబడి ఠక్కుమనిపించి వచ్చేవాణ్ణి. పందులకు అది అలవాటైంది. నేను ఆలస్యమైన రోజున కొంచెం బెంగగా చూసేవి కూడా.

సరిగ్గా ఆ వారంలోనే నాకు అవార్డు వచ్చింది. జిల్లాలోకెల్లా ఒక్క ప్రమాదం కూడా జరగని తుపాకి మాదేనట. సన్మానం మా ఊరి కళ్ళంలోనే. కళ్ళానికీ మా చేనుకూ మధ్య అడ్డం ఒక్క కంచె. షామియానా వేశారు, కుర్చీలు వేశారు. పొద్దు వాలింది. నేను ఉతికిన పంచె కట్టుకుని వేదిక మీద, తుపాకి నా చేతుల్లో, బోల్టు తెరిచి, మూతి ఆకాశం వైపు. వేదిక కింద మొదటి వరసలో సుంకులమ్మ ఇత్తడి పళ్ళెం పట్టుకుని నిలబడింది. పళ్ళెంలో శాలువా, శాలువా మీద ఇనపరేకు జ్ఞాపిక.

“ఒక్క తూటా పేలకుండా పంటను రక్షించిన…” అని అనంతశయనం గారు మైకులో మొదలుపెట్టాడు.

కంచె అవతల పటపటమని జొన్నదంట్లు విరిగాయి.

సభంతా విన్నది. ఎవరూ తల తిప్పలేదు. సన్మానం జరుగుతుండగా తల తిప్పితే మర్యాద కాదని మా ఊళ్ళో అందరికీ తెలుసు. సుంకులమ్మ వేదిక దగ్గరికి వచ్చింది.

“వినపడతాండాదా?” అంది మెల్లగా.

“సన్మానం అయిపోనీ.”

“అది అయిపోయేలోగా చేను అయిపోతాది.”

“పళ్ళెం కూడా జాబితాలో ఉంది సుంకులూ…”

ఆమె నన్ను చూసిన చూపు ఏకలం పంది చూపుకంటే నయం కాదు. పంది కనీసం మళ్ళీ తినడం మొదలుపెట్టింది. శాలువా తీసి నా నెత్తిన పడేసింది. జ్ఞాపికను కుడిచేత్తో పట్టుకుంది. పళ్ళేన్ని ఎడమచేత్తో ఎత్తి, నా సన్మానం మధ్యలో, నా జ్ఞాపికతోనే ఠంగుమని ఒక దెబ్బ కొట్టింది. కొడుతూ కంచె వైపు పరిగెత్తింది.

యేసోబు లేచాడు. చేతిలో డప్పు లేదు గనుక కుర్చీ ఎత్తుకుని దాన్ని బాదుకుంటూ వెళ్ళాడు. అతని వెనక ఆడవాళ్ళు బిందెలతో, మగవాళ్ళు టీ గ్లాసుల పళ్ళేలతో. మామ మెడలో దండ ఊడి పడిపోతున్నా చూసుకోకుండా, రెండు చెప్పులూ చేతబట్టి చప్పట్లు కొట్టినట్టు కొట్టుకుంటూ పోయాడు. శాలువా కళ్ళ మీంచి తొలగించుకుని చూసేసరికి ఎదురుగా కుర్చీలే ఉన్నాయి. అవీ కొన్ని.

“సార్,” అన్నాను, “దీన్ని ఒక్క నిమిషం పట్టుకుంటారా? నేను కూడా చేలోకి పోతాను.”

“నిండిన తుపాకిని నేను పట్టుకోవడమా!”

“పోనీ కింద పెట్టనా?”

“బాధ్యత గల వ్యక్తికి అప్పగించకుండా కింద పెట్టరాదు.”

“దీన్తోనే పరిగెత్తనా?”

“ఆయుధంతో పరుగు నిషిద్ధం.”

కూర్చున్నాను. మా చేలో మా ఆవిడ పందుల్ని తోలుతుంటే నేను శాలువా కప్పుకుని కూర్చున్నాను. అనంతశయనం గారు ఖాళీ కుర్చీలను ఒకసారి ఆ చివర నుంచి ఈ చివరకు చూశాడు. గొంతు సవరించుకున్నాడు. “సభ నిండినదిగా భావించి ప్రసంగాన్ని కొనసాగిస్తున్నాను,” అన్నాడు. కొనసాగించాడు. చివర్లో చప్పట్ల కోసం ఆగి నా వైపు చూశాడు. నా రెండు చేతులూ తుపాకి మీద ఉన్నాయి.

“మోగినట్టు భావించండి సార్,” అన్నాను.

చీకటి పడేవేళకు వాళ్ళు తిరిగొచ్చారు. సుంకులమ్మ జుట్టు నిండా జొన్నాకు, చేతిలో సొట్టలు పడ్డ పళ్ళెం. జ్ఞాపిక విరిగి కొన మాత్రం మిగిలింది. దాన్ని నా ఒళ్ళో పెట్టింది.

“మూల మడి పోయింది. తక్కింది దక్కింది,” అంది.

“ఆయుధ సమక్షంలో పంట దక్కినట్టు నమోదు చేస్తాము,” అన్నాడు అనంతశయనం గారు. “ఆ పళ్ళేనికి లైసెన్సు విషయం…”

“సారూ,” అంది ఆమె, “అది మోగలేదని భావించండి.”

ఆయన నియమావళి తిరగేశాడు. అలా భావించరాదన్న నియమం ఎక్కడా దొరకలేదు కాబోలు, జీపెక్కి వెళ్ళిపోయాడు. తుపాకిని బోల్టు తెరిచి, చూసి, తడిమి, పంచాయతీ ఆఫీసు పెట్టెలో పెట్టి తాళం వేశాను. ఇంకా అక్కడే ఉంది, నిండుగా. ముద్ర పడ్డ డప్పు మాత్రం, గోనె అలాగే ఉండగా, లోపలినుంచి ఎలాగో బయటికొచ్చి జాతరలో మోగింది. ఢాం అనలేదు, దండనక అంది. అది జాబితాలో లేదు.

జొన్న ఇంటికి వచ్చింది. కొత్త జొన్న రొట్టె తిన్న శుక్రవారం నాడు సుంకులమ్మ దేవుళ్ళకు బొట్టు పెడుతుంటే చూశాను. వరస చివర మేకుకు సొట్టల పళ్ళెం వేలాడుతోంది. దాని దాకా వచ్చి ఆమె చెయ్యి తుడుచుకోలేదు. నడిమధ్యన ఇంత బొట్టు పెట్టింది.

నా సర్టిఫికెట్ ఏమైందని నేను అడగలేదు. గోడ మీదే ఉన్నట్టు భావిస్తున్నాను.